కనుబొమ్మల్లో ఉన్న దీర్ఘం

2024 వానాకాలం. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం, ఆరో అంతస్తు. అక్కడ నేను డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజనీర్‌ని. పేరు గొప్పగానే ఉంటుంది కానీ, ల్యాప్‌టాప్ మొరాయించినప్పుడు అందరూ కేకేసే మనిషిని నేనే. కొండాపూర్‌లో ఇల్లు, సంగారెడ్డిలో పుట్టిల్లు, చేతిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరూ రెండు కేబుళ్లూ. పదిహేనేళ్లకు పైగా ఇదే పని.

ఇన్నేళ్లలో నేను విన్న ఫిర్యాదులన్నీ పోగేస్తే మిగిలేది ఒకే మాట: "హ్యాంగ్ అవుతోంది." మౌస్ కదలకపోయినా హ్యాంగే, నెట్ రాకపోయినా హ్యాంగే, పాస్‌వర్డ్ మర్చిపోయి నాలుగుసార్లు తప్పు కొట్టినా హ్యాంగే. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ రాసే తలకాయలకు తమ ముందున్న పెట్టె ఎలా పాడైందో చెప్పడానికి ఇంకో మాట దొరకదు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది.

ఆ కాలంలో ఒకే ఫిర్యాదు మూడుసార్లు వచ్చింది. టెస్టింగ్ టీమ్‌లో పనిచేసే హరిణి అనే అమ్మాయిది. ల్యాప్‌టాప్‌కి తగిలించిన పెద్ద మానిటర్ మీద వీడియో ఆగి ఆగి వస్తోందని. మొదటి రెండుసార్లూ మా రిమోట్ టీమ్ వాళ్లు దూరం నుంచే చూసి, బాగుందని మూసేశారు. మూడోసారి వచ్చేసరికి నాకు అనుమానం వచ్చి, నేనే చూసొస్తానని బయల్దేరాను.

హరిణిది నంద్యాల. పుట్టినప్పటి నుంచి వినపడదు. సైగల భాషలో మాట్లాడుతుంది. మీటింగుల్లో ఆమె కోసం నరేష్ అనే ఇంటర్‌ప్రెటర్ లింగంపల్లిలోని తన ఇంటి నుంచి వీడియోలో చేరతాడు. ఇటు మాటల్ని సైగలు చేస్తాడు, అటు ఆమె సైగల్ని మాటలు చేస్తాడు. నరేష్ అమ్మానాన్నలిద్దరికీ వినపడదు. అందుకని మాటల కంటే ముందు అతనికి సైగలే వచ్చాయట.

నేను వెళ్లేసరికి పెద్ద మానిటర్ మీద ఒక పక్క నరేష్, ఇంకో పక్క ఏదో టెస్టింగ్ పని. అలవాటు చొప్పున ముందుగా అడిగాను.

"నరేష్, ఆడిబులేనా?"

అంటే వినపడుతోందా అని. ఈ ఏరియాలో ఏ మీటింగైనా దీనితోనే మొదలవుతుంది. నమస్కారానికి ముందూ ఇదే, తర్వాతా ఇదే.

"ఆడిబులే అక్కా, మస్తు క్లియర్ ఉంది," అన్నాడు నరేష్.

హరిణి నా వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ చాట్‌లో టైప్ చేసింది: "సౌండ్ గురించి నాకు ఎప్పుడూ కంప్లయింట్ లేదక్కా."

నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. మా రిమోట్ టీమ్ ఫిర్యాదు ఎందుకు మూసేసిందో కూడా అర్థమైంది. వాళ్లూ "ఆడిబులేనా" అనే అడిగి ఉంటారు. నరేష్ ఆడిబులే అని ఉంటాడు. ఇంకేం, సమస్య తీరిపోయింది.

"సరే, ఏమవుతోందో చెప్పు," అన్నాను. నరేష్ దాన్ని సైగ చేశాడు. హరిణి టైప్ చేయలేదు, మాట కోసం వెతుక్కోలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడి, వీడియో ఎలా పాడవుతోందో తన చేతులతోనే చేసి చూపించింది.

మొదట కుడి చేతిని ఎడమ నుంచి కుడికి తీసుకెళ్లింది, కానీ జారినట్టు కాదు. చిన్న చిన్న గెంతులుగా, ప్రతి గెంతూ ఒకే కొలతలో, మెట్లు దిగుతున్నట్టు. ఆ తర్వాత వేలు పైకెత్తి, 'ఇది ఒకటి' అన్నట్టు చూసింది. మళ్లీ చెయ్యి కదిపింది. ఈసారి సగం దారిలో హఠాత్తుగా బిగుసుకుపోయింది, ముఖం సైతం. రెప్ప కూడా వేయలేదు. మరుక్షణం చెయ్యి ఎక్కడో దూరంగా తేలింది. మధ్యలో జరిగిందంతా మాయం. 'ఇది రెండు.'

పదిహేనేళ్లలో నాకు జబ్బును ఇంత స్పష్టంగా చూపించిన మనిషి లేడు. మేం అందరం హ్యాంగ్ అనే ఒక్క మూటలో కట్టిపడేసేదాన్ని ఆమె విప్పి, ఇందులో ఉన్నవి రెండు వేరు వేరు జబ్బులని చేతుల్లో పెట్టింది. చాలా ముచ్చటేసింది. ఆ ముచ్చట దాచుకోకుండా చప్పట్లు కొట్టాను. ఆమె రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించింది. "సైగల్లో చప్పట్లు గట్లనే అక్కా," అన్నాడు నరేష్. నేనూ వేళ్లు ఆడించాను.

మొదటిది నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. గెంతులు సమంగా ఉన్నాయంటే అది రిఫ్రెష్ రేట్ వ్యవహారం. స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మళ్లీ గీస్తుందో దాన్ని రిఫ్రెష్ రేట్ అంటారు. అరవైసార్లు గీస్తే కంటికి నునుపుగా ఉంటుంది. పెద్ద మానిటర్ ఫోర్‌కే రకం, అంటే మామూలు స్క్రీన్‌కి నాలుగింతల చుక్కలు. అన్ని చుక్కల్ని మోయాలంటే దానికి తగ్గ కేబుల్ ఉండాలి. టేబుల్ కిందకి దూరి చూస్తే, ఎవరో కాన్ఫరెన్స్ రూమ్ ప్రొజెక్టర్ నుంచి పీకి తెచ్చిన పాత హెచ్‌డీఎంఐ కేబుల్ కనిపించింది. పాపం, అది సగమే మోయగలదు. ముప్పై దగ్గరే ఆగిపోయింది. కొత్త మానిటర్‌కి పెట్టెలోనే మంచి కేబుల్ వస్తుంది. ఆ పెట్టె ఎక్కడుందని అడిగితే, దాని మీద ఎవరో తులసి కుండీ పెట్టుకున్నారని తెలిసింది. కుండీ దించి, పెట్టె తెరిచి, అసలు కేబుల్ తగిలించాను. సెట్టింగుల్లో అరవై వచ్చింది. మౌస్ బాణం నీళ్లలో చేపలా కదిలింది.

"అయిపోయింది కదా?" అన్నాను గర్వంగా.

హరిణి నరేష్‌ని కాసేపు సైగలు చేయమంది. కళ్లార్పకుండా చూసింది. తర్వాత నా వైపు తిరిగి ఒక వేలు మడిచింది. ఇంకో వేలు అలాగే నిలబెట్టింది. మొదటిది పోయింది, రెండోది ఉంది.

అప్పుడే వాళ్ల మేనేజర్ ప్రసాద్ గారు వచ్చారు. భీమవరం వైపు మనిషి, మాట మెత్తన, మనసు కూడా. "శారద గారూ, మీకెందుకండీ శ్రమ," అన్నారు నన్ను పక్కకు పిలిచి. "వచ్చేవారం క్లయింట్ కాల్ ఉందండి. కొత్త వెర్షన్ బయటికి వదలొచ్చని టెస్టింగ్ వైపు నుంచి సరే చెప్పాలి. అది హరిణి నడపాల్సింది. కానీ పోయిన నెల జరిగినదాని తర్వాత, ఇంకొకరికి ఇద్దామనుకుంటున్నానండి. అంతమంది ముందు ఆవిణ్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు."

"పోయిన నెల ఏం జరిగింది సార్?"

"కాల్‌లో నేను టెస్టింగ్ పూర్తయిందా అని అడిగానండి. తల ఊపింది. పూర్తి కాలేదు. వెర్షన్ అలాగే బయటికి వదిలేశాం, తర్వాత నానా గొడవ. పాపం, అర్థం కాక ఊపి ఉంటుంది. బాగా కనపడుతుందని అంతకుముందే పెద్ద మానిటర్ కూడా ఇప్పించానండి."

మేం పక్కకు వెళ్లి మాట్లాడుకున్నామనే గానీ, మైక్ ఆన్‌లోనే ఉంది. ఇంటర్‌ప్రెటర్ పని ఏమిటంటే, వినపడిన ప్రతి మాటా చెప్పడం. తీపిదీ చేదుదీ ఏరకూడదు. నరేష్ అంతా సైగ చేసేశాడు. మేం వెనక్కి తిరిగేసరికి హరిణి మా వైపే చూస్తోంది. ముఖం ఎర్రబడింది. చేతులు గబగబా కదిలాయి. నరేష్ గొంతు వినపడింది.

"నాకు అర్థం కాక ఊపలే సార్. మీరు పూర్తయింది అన్నరు, నేను సరే అన్న."

ప్రసాద్ గారు బిత్తరపోయి స్క్రీన్ వైపు చూశారు. "నరేష్, నువ్వెప్పుడు ఊపావయ్యా?"

"నేను కాదు సార్. నేను 'నేను' అంటే అది హరిణి మేడం మాట," అన్నాడు నరేష్. నంద్యాల అమ్మాయి కోపం లింగంపల్లి యాసలో వినపడుతుంటే ఇంకో సమయంలో అయితే నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి.

"నేను పూర్తయింది అనలేదమ్మా, పూర్తయిందా అన్నాను," అన్నారు ప్రసాద్ గారు.

నరేష్ దాన్ని సైగ చేశాడు. తర్వాత నెమ్మదిగా తన సొంత మాటగా చెప్పాడు. "సార్, ఇది నేను చెప్తున్న, నరేష్‌ని. మనం మాట్లాడేటప్పుడు చివర ఒక్క దీర్ఘం పెడితే ప్రశ్న అయితది గద. పూర్తయింది, పూర్తయిందా. గంతే తేడా. సైగల్లో గా దీర్ఘం చేతుల్లో ఉండదు, కనుబొమ్మల్లో ఉంటది. ఇట్ల పైకి లేపితే ప్రశ్న. లేపకపోతే మామూలు మాట. చేతులు రెండింటికీ ఒక్కటే. నేను ఆ రోజు కనుబొమ్మలు లేపిన సార్. ఒట్టు."

ముగ్గురం పెద్ద మానిటర్ వైపు చూశాం. నరేష్ ముఖం బిగుసుకుపోయి ఉంది. ఒక క్షణం తర్వాత గెంతింది. హరిణి చూపించిన ఆ రెండో జబ్బు, మా కళ్ల ముందే.

కనుబొమ్మలు పైకి లేచి దిగే ఆ చిటికెలోనే బొమ్మ బిగుసుకుపోయి ఉంటే ఆ దీర్ఘం ఎక్కడికి పోతుంది? ఆమెకు అందినది 'టెస్టింగ్ పూర్తయింది' అన్న మేనేజర్ మాట. పైవాళ్లు పూర్తయిందని తేల్చేశారనుకుని తల ఊపింది. ప్రసాద్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అన్నది ఒకటే: "నెల రోజుల నుంచి నేను ఈ పిల్ల మీద జాలిపడుతున్నానండి."

నాకు ఆయన మీద కోపం రాలేదు. కానీ ఆ జాలే ఆమె చేతిలోంచి కాల్‌ని లాగేసుకోబోయింది. చెడ్డ మేనేజర్ అయితే హరిణి పోట్లాడేది. మంచివాడితో పోట్లాట కష్టం.

ఇక రెండో జబ్బు వెనక పడ్డాను. ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు వింటేనే సగం తెలిసింది. వీడియోను విప్పి బొమ్మలుగా పరిచే పనికి ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ అని ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. దాని చేత ఆ పని చేయించడాన్ని హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు. హరిణి మీటింగ్ యాప్‌లో అది ఆపేసి ఉంది. దాంతో ఆ చాకిరీ అంతా ప్రాసెసర్ మీద పడింది. పెళ్లింట్లో వంటమనిషిని కూర్చోబెట్టి పెళ్లికూతురి తండ్రి గరిటె పట్టుకున్నట్టు. చిన్న స్క్రీన్ మీద ఎలాగో నెట్టుకొచ్చేది. నాలుగింతల చుక్కలున్న పెద్ద మానిటర్ తగిలించగానే చేతులెత్తేసింది. ప్రసాద్ గారు ప్రేమగా ఇప్పించిన మానిటరే ఆ దీర్ఘాన్ని మింగేసింది.

ఆ సెట్టింగ్‌ని ఆపింది మా సిస్టమ్స్ విభాగమే, ఆఫీసులో అందరికీ కలిపి. ఆ ముందటి ఏడాది ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని ల్యాప్‌టాపుల్లో స్క్రీన్ నల్లబడిందని ఆపారు. మళ్లీ ఎవరూ ఆన్ చేయలేదు. మరి అంతమందిలో ఒక్కరికీ తేడా తెలియలేదా అంటే, ఎలా తెలుస్తుంది? మా మీటింగుల్లో అందరి కెమెరాలూ ఆఫ్. గుండ్రటి రంగు బిళ్లల్లో పేర్ల మొదటి అక్షరాలు తప్ప ముఖం అన్నది ఉండదు. బిళ్లలు ఆగి ఆగి వస్తే ఎవడికి కావాలి. ఆ ఆఫీసు మొత్తంలో మీటింగ్‌ని నిజంగా కళ్లతో చూసే మనిషి హరిణి ఒక్కతే.

మా సిస్టమ్స్ పెద్దాయన దగ్గరకు వెళ్లి, ఒక్క ల్యాప్‌టాప్‌కి మినహాయింపు కావాలన్నాను.

"రిస్క్ ఎందుకు మేడం? స్క్రీన్ మళ్లా బ్లాక్ అయితే పరేషాన్. ఆడియో మంచిగనే వస్తుంది గద?" అన్నాడాయన.

నేను సమాధానం చెప్పకుండా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. హరిణి పక్కన నిలబెట్టి, "జర స్పీకర్ బంద్ చేసి ఈ మీటింగ్‌ల కూర్చోండి సార్," అన్నాను. ఆయన నరేష్ గెంతే ముఖాన్ని కాసేపు చూశాడు. కళ్లు నులుముకున్నాడు. అక్కడే నిలబడి ఫోన్‌లో అనుమతి ఇచ్చాడు.

గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ చిప్‌తో పని చేయించే చిన్న సాఫ్ట్‌వేర్, కొత్తది వేశాను. పాత నల్ల తెర గొడవకు మందు అందులోనే ఉంది. సెట్టింగ్ ఆన్ చేశాను. ల్యాప్‌టాప్ మళ్లీ మొదలైంది. ఫ్యాన్ హోరు తగ్గింది.

ఈసారి "అయిపోయింది కదా" అని నేను అనలేదు. హరిణి టెస్టర్. ఆమె చూడకుండా అయిపోవడానికి వీల్లేదు. ఆమె నరేష్‌కి పరీక్ష పెట్టింది. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ సైగ చేయాలి, ఒకసారి కనుబొమ్మలు లేపి, ఒకసారి లేపకుండా, వరస లేకుండా, ఎంత వేగంగా చేతనైతే అంత వేగంగా. ప్రశ్న అయితే ఆమె బొటనవేలు పైకి, కాకపోతే కిందకి. నరేష్ చేతులు పంకాలా తిరిగాయి. ఆమె వేలు పైకి, కిందకి, కిందకి, పైకి. ఒక్కటీ తప్పలేదు. మధ్యలో నరేష్ మోసం చేసి కనుబొమ్మల్ని సగమే లేపాడు. ఆమె వేలు గాల్లోనే ఆపి, 'సరిగ్గా అడుగు' అన్నట్టు గదిమింది. ప్రసాద్ గారు ఉత్సాహంగా తానూ ఆడబోయి మొదటి మూడూ తప్పు చెప్పారు.

"మేడం, ఇగ ఆపరా? నుదురు గుంజుతుంది," అన్నాడు నరేష్.

అప్పుడు ఆమె రెండో వేలు మడిచింది.

"కాల్ నీదేనమ్మా," అన్నారు ప్రసాద్ గారు. అని, కొంచెం ఆలోచించి, కనుబొమ్మలు కదలకుండా రెండు చేతులతో నుదుటిని గట్టిగా పట్టుకుని మళ్లీ అన్నారు. "ప్రశ్న కాదు. నీదే." హరిణి పడీ పడీ నవ్వింది.

వచ్చేవారం ఆ కాల్ రోజున సాయంత్రం కుండపోత. ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ ఎర్ర దీపాలతో నిలిచిపోయాయి. ఇంటికి వెళ్లేదారి ఎలాగూ లేదు కదా అని నేను హరిణి వెనక నిలబడ్డాను. అబద్ధం ఎందుకు, దారి ఉన్నా వెళ్లేదాన్ని కాదు. జేబులో ఇంకో కేబుల్ కూడా పెట్టుకున్నాను.

క్లయింట్ వైపు నుంచి ఎవరో "యామ్ ఐ ఆడిబుల్" అన్నారు. అందరూ "ఎస్, ఎస్" అన్నారు. హరిణి చెయ్యెత్తింది. నరేష్ ఇంగ్లిష్‌లో ఆమె మాట చెప్పాడు: "నా చేతులు మీకు కనిపిస్తున్నాయా? నాకు మీ ముఖాలు కనిపించడం లేదు. దయచేసి కెమెరాలు పెట్టండి." తర్వాత ఒక్కొక్క రంగు బిళ్ల మనిషిగా మారింది. ఒకాయన సగం తిన్న సమోసా దాచుకోవడం కూడా కనిపించింది.

కాల్ సాఫీగానే సాగింది. చివర్లో క్లయింట్ తరఫున ఒకాయన, రీఫండ్ భాగం తాము చూసేశామన్నాడు. డబ్బు వెనక్కి ఇచ్చే భాగం అది. మాటల్లో అయితే అది మామూలు వాక్యమే. నాకలాగే వినపడింది. కానీ ఆయన గొంతు చివర్లో కాస్త జారిందట. నరేష్ దాన్ని కూడా ముఖంలో పెట్టాడు. కనుబొమ్మలు పూర్తిగా లేవలేదు, పూర్తిగా పడుకోలేదు. హరిణి కుర్చీలో ముందుకు వంగింది.

"చూసేశారా, చూసేశామని అనుకుంటున్నారా?" అని అడిగింది.

ఆయన పక్కనున్న మనిషితో ఏదో మాట్లాడి, నిజమే, పాత డేటాతోనే చూశాం, కొత్త దాంతో చూడలేదన్నాడు. అయితే అది చూసేదాకా సరే చెప్పనని హరిణి చెప్పేసింది. అంతమంది పెద్దవాళ్ల ముందు, వణుకూ బెరుకూ లేకుండా. ప్రసాద్ గారు మైక్ ఆన్ చేసుకుని, "మా టెస్టింగ్ లీడ్ మాటే మా మాటండి," అన్నారు. హరిణిని లీడ్ అని, అంటే టీమ్‌ని నడిపే మనిషి అని, ఆయన అప్పటివరకూ ఎవరితోనూ అనలేదు. నరేష్ ఆ మాటను సైగ చేశాడు, కనుబొమ్మలు కదలకుండా. హరిణి దాన్ని చూసింది. నేను ఆమెను చూశాను. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ కొత్త డేటాతో చూస్తే రీఫండ్ భాగం నిజంగానే తప్పు చేస్తోందని తర్వాత తేలింది. అది బాగుచేశాకే వెర్షన్ బయటికి వెళ్లింది.

ఇప్పుడు ఎవరైనా హ్యాంగ్ అవుతోందని పిలిస్తే నేను వెంటనే కీబోర్డు మీద చెయ్యి వెయ్యను. ఎలా ఆగుతోందో చేసి చూపించమంటాను. మొదట్లో సిగ్గుపడతారు. మూతి బిగించి, చెయ్యి గాల్లో ఆపి, పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు సైతం నా ముందు బొమ్మల్లా నిలబడతారు. చూసేవాళ్లు నవ్వుకుంటారు. జబ్బు మాత్రం సగంసార్లు అక్కడే తెలిసిపోతుంది. ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగితే టెస్టింగ్ లీడ్ సీటు వైపు చూపిస్తాను.

ఆ ఫిర్యాదును నేను వారం పాటు మూయలేదు. ఆమె చెప్పాకే మూయాలని ఆగాను. కాల్ అయిన మర్నాడు ఉదయం హరిణి నా టేబుల్ దగ్గరకు వచ్చింది. నరేష్ లేడు, చాట్ లేదు, మధ్యలో ఏ స్క్రీనూ లేదు. నా కంప్యూటర్‌లో తెరిచి ఉన్న తన ఫిర్యాదును చూపించి, 'అయిపోయింది' అనే సైగ చేసింది. ఆ పాటికి నాకు ఆ ఒక్క సైగ వచ్చు. మూసెయ్యమంటోంది కాబోలనుకుని మౌస్ అందుకోబోయి, ఎందుకో తలెత్తి ఆమె ముఖం చూశాను.

కనుబొమ్మలు రెండూ పైకి లేచి ఉన్నాయి. అడుగుతోంది.

మౌస్ వదిలేసి, రెండు చేతులూ ఎత్తి, అదే సైగ నేనూ చేశాను, నా కనుబొమ్మల్ని జాగ్రత్తగా కిందే ఉంచుకుని.